ప్రైజ్‌మనీ పట్టికను కింది నుంచి చదువుదాం

ఏటా నాలుగుసార్లు, టెన్నిస్ గ్రాండ్‌స్లామ్ పోటీలు ముగిసినప్పుడల్లా, ఒకే తరహా ఫొటో పత్రికల్లో పడుతుంది. కప్పు ఎత్తి పట్టుకున్న విజేత, పక్కనే పెద్ద అక్షరాల్లో దక్కిన సొమ్ము. 2025లో యూఎస్ ఓపెన్ గెలిచిన కార్లోస్ అల్కరాస్‌కు, అరినా సబలెంకాకు చెరో 50 లక్షల డాలర్లు. అదే ఏడాది వింబుల్డన్‌లో యానిక్ సినర్‌కు, ఇగా స్వియాటెక్‌కు చెరో 30 లక్షల పౌన్లు. చదివినవాళ్లు రూపాయల్లోకి లెక్కగట్టి నోరెళ్లబెడతారు. ఆ లెక్కలో తప్పు లేదు. కానీ టెన్నిస్‌లో ఎవరికి ఎంత దక్కుతోంది, ఎందుకు దక్కుతోంది అన్న ప్రశ్నకు ఆ ఒక్క అంకె జవాబు చెప్పదు. జవాబు ఆ పట్టిక అట్టడుగు వరుసలో ఉంటుంది, మొదటి రౌండ్‌లో ఓడినవాడి పేరు పక్కన. ఈ వ్యాసమంతా ఆ వరుస నుంచి పైకి చూసే ప్రయత్నం.

భిలాయ్‌లో ఉండి ఈ మాట అనడానికి కారణముంది. సోవియట్ సాయంతో కట్టిన ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వచ్చిన తెలుగువాళ్లు సెక్టార్ల క్వార్టర్లలో స్థిరపడి మూడు తరాలు దాటింది. ట్రోఫీలు ఈ ఊరికి కొత్త కాదు. దేశంలో అత్యుత్తమ సమగ్ర ఉక్కు కర్మాగారానికిచ్చే ప్రధానమంత్రి ట్రోఫీని భిలాయ్ 11 సార్లు గెలిచింది. దాన్ని అందుకునేది ఒక అధికారి కావచ్చు, కానీ కోక్ ఓవెన్ దగ్గర సి షిఫ్ట్ చేసినవాడూ అది తనదేననుకుంటాడు. ఇక్కడ జీతాల సంగతి తేల్చేది ఎన్‌జేసీఎస్, అంటే యాజమాన్యం, కార్మిక సంఘాలు ఎదురెదురుగా కూర్చునే ఉమ్మడి కమిటీ. దాని మూలాలు 1969లో ఉన్నాయి. వేతన ఒప్పందం కుదిరిందనగానే క్యాంటీన్‌లో వచ్చే మొదటి ప్రశ్న అన్నిటికంటే కిందిదైన ఎస్-1 గ్రేడుకు ఎంత పెరిగిందని. ఎస్-11 సంగతి ఆ తర్వాత. ఆ కళ్లతోనే టెన్నిస్ పట్టికను చూడాలని నా కోరిక.

ముందు కప్పుల సంగతి. 1877లో మొదటి వింబుల్డన్‌కు 22 మంది వచ్చారు. ఒక్కొక్కరు ఒక గినీ ప్రవేశ రుసుము కట్టారు. గెలిచిన స్పెన్సర్ గోర్‌కు 12 గినీల బహుమతి, రెండో స్థానానికి 7, మూడో స్థానానికి 3. కూడితే సరిగ్గా 22. ఓడినవాళ్లు కట్టిన డబ్బుకు సమానమైన మొత్తమే గెలిచినవాళ్లకు చేరింది. దానికి తోడు ‘ది ఫీల్డ్’ పత్రిక 25 గినీల విలువైన వెండి కప్పు ఇచ్చింది. వరుసగా మూడుసార్లు గెలిస్తే కప్పు సొంతమన్నది అప్పటి నియమం. విలియం రెన్షా 1881, 82, 83ల్లో గెలిచి ఆ కప్పును ఇంటికి పట్టుకుపోయాడు. దాని స్థానంలో కొత్త కప్పు పెడితే తర్వాతి మూడేళ్లూ తనే గెలిచి దాన్నీ పట్టుకుపోయాడు. ఇక లాభం లేదని 1887లో క్లబ్బు 100 గినీలు పెట్టి ఇంకో కప్పు కొని, ఇది ఎన్నిసార్లు గెలిచినా ఎవరికీ సొంతం కాదని తీర్మానించింది. మనం టీవీలో చూసే బంగారు పూత వెండి కప్పు అదే. ఎత్తు పద్దెనిమిదిన్నర అంగుళాలు, మూత మీద చిన్న అనాసపండు. 2009 వచ్చేసరికి పేర్లు చెక్కడానికి కప్పు మీద చోటు చాలక, అడుగున వెండి పట్టీ ఉన్న పీఠం చేర్చాల్సి వచ్చింది.

విజేత ఇంటికి తీసుకెళ్లేది నకలు మాత్రమే. 1949 నుంచి 2006 దాకా ఎనిమిదిన్నర అంగుళాల బుల్లి కప్పు ఇచ్చేవారు, 2007 నుంచి అసలు దానిలో ముప్పావు వంతు సైజు ఉన్నది ఇస్తున్నారు. మహిళలకిచ్చే వెండి పళ్లెం వయసులో ఇంకా పెద్దది. 1864లో బర్మింగ్‌హామ్‌లోని ఎల్కింగ్టన్ సంస్థ తయారుచేసిన ఆ పళ్లేన్ని 1886 నుంచి ఇస్తున్నారు. ఆస్ట్రేలియన్ ఓపెన్ మహిళల కప్పుకు డాఫ్నీ అకర్స్ట్ పేరు పెట్టారు. ఆమె ఐదుసార్లు విజేత, 29 ఏళ్లకే 1933లో కన్నుమూసింది. ఏటా గెలిచే అమ్మాయి ఆమె పేరున్న కప్పును ఎత్తుకుంటుంది. డబ్బు చేయలేని పనిని కప్పు ఇలా చేస్తుంది, ఒక తరాన్ని ఇంకో తరం పక్కన నిలబెడుతుంది. అందుకే కప్పు గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. అది ఒక్కరికే దక్కాలి.

మా టౌన్‌షిప్ పోటీల్లో ఇచ్చే కప్పుల గురించీ చెప్పాలి. కింద నల్లటి పాలరాయి దిమ్మ, మధ్యలో బంగారు రంగు మెరుపు పూసిన ప్లాస్టిక్ గొట్టం, పైన పల్చటి రేకు గిన్నె, దానికి రెండు చెవులు. వీటన్నిటినీ పట్టి ఉంచేది లోపలున్న ఒక పొడవాటి ఇనుప కడ్డీ, అడుగున ఒక నట్టు. రెండు మూడేళ్లకు నట్టు వదులై గిన్నె ఊగుతుంది. మెషిన్ షాపులో పనిచేసి రిటైరైన ప్రతి ఇంట్లో దాన్ని బిగించే స్పానర్ ఉంటుంది కాబట్టి ఇక్కడ కప్పులు పడిపోవు. పేరు రాసిన రేకు ముక్క మాత్రం జిగురు ఎండి ఊడిపోతుంది. అయినా ఏ తల్లీ దాన్ని షోకేసులోంచి తీసేయదు. వెల వందల్లో ఉండే ఆ కప్పుకూ వింబుల్డన్ కప్పుకూ గెలిచిన పిల్లాడి గుండెలో తేడా ఏమీ ఉండదు. తేడా మొదలయ్యేది ఆ తర్వాతి ఏళ్లలో, రాకెట్‌కు తీగలు ఎవరు కొనాలి, తర్వాతి ఊరికి టికెట్ ఎవరు తీయాలి అన్న దగ్గర.

టెన్నిస్‌లో డబ్బు చాలాకాలం ముట్టకూడని వస్తువు. 1968 దాకా వింబుల్డన్ లాంటి పెద్ద పోటీలు అమెచ్యూర్లవి, అంటే ఆటకు డబ్బు తీసుకోమని ఒప్పుకున్నవాళ్లవి. కాబట్టి జీవనోపాధి వేరే ఉన్నవాడికే అది అందే ఆట. 1960, 61ల్లో వింబుల్డన్ సెమీఫైనల్ దాకా వెళ్లిన రామనాథన్ కృష్ణన్‌కు అంతకుముందే జాక్ క్రేమర్ మూడేళ్లకు లక్షా 50 వేల డాలర్లు ఇస్తానని ప్రొఫెషనల్ బృందంలోకి పిలిచాడు. ఆ రోజుల్లో అది కనీవినీ ఎరుగని మొత్తం. కృష్ణన్ వద్దన్నారు. ఒప్పుకుంటే వింబుల్డన్‌కూ డేవిస్ కప్‌కూ దూరం కావాల్సి వచ్చేది. ఆ నియమం ఎంత ప్రతిభను ఏ దారి పట్టించిందో ఈ ఒక్క ఉదంతం చెబుతుంది.

1968లో తలుపులు తెరుచుకున్నాయి. వింబుల్డన్ గెలిచిన రాడ్ లేవర్‌కు 2,000 పౌన్లు, బిల్లీ జీన్ కింగ్‌కు 750. అదే ఏడాది మొదటి యూఎస్ ఓపెన్‌ను గెలిచిన ఆర్థర్ ఆష్ అప్పటికి సైన్యంలో ఉన్న అమెచ్యూర్. నియమం ప్రకారం అతడు బహుమతి డబ్బు ముట్టకూడదు. రోజుకు 20 డాలర్ల భత్యం అతడికి వచ్చింది, 14,000 డాలర్లు ఫైనల్లో ఓడిన టామ్ ఓకర్‌కు వెళ్లాయి. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, అర్ధశతాబ్దం తర్వాత ఒక తెలుగు కుటుంబం కుర్రాడి ముందుకు ఇదే ప్రశ్న మరో రూపంలో వచ్చింది.

మహిళల వాటా కోసం జరిగిన పోరాటం అన్నిటికంటే పెద్ద అధ్యాయం. 1970లో లాస్ ఏంజెలిస్‌లో ఒకే టోర్నమెంటులో పురుషుల విజేతకు 12,500 డాలర్లు, మహిళకు 1,500. దీన్ని కాదని తొమ్మిది మంది అమ్మాయిలు టెన్నిస్ పత్రిక ప్రచురణకర్త గ్లాడిస్ హెల్డ్‌మన్ దగ్గర ఒక్క డాలరుకు ఒప్పందం రాసి, ఆ సెప్టెంబరులో హ్యూస్టన్‌లో సొంత టోర్నమెంటు ఆడారు. 1972 యూఎస్ ఓపెన్‌లో ఇలీ నస్టాసేకు 25,000, బిల్లీ జీన్ కింగ్‌కు 10,000 ఇచ్చారు. వచ్చే ఏడు ఇలాగైతే ఆడేది లేదని ఆమె తెగేసి చెప్పింది. అంతటితో ఆగకుండా లోటు పూడ్చే స్పాన్సర్‌ను కూడా వెతికింది. 1973లో జాన్ న్యూకోంబ్, మార్గరెట్ కోర్ట్ చెరో 25,000 అందుకున్నారు. వింబుల్డన్ అదే పని చేయడానికి 2007 దాకా ఆగింది. ఆ ఏడు రోజర్ ఫెదరర్‌కు, వీనస్ విలియమ్స్‌కు చెరో 7 లక్షల పౌన్లు. గ్రాండ్‌స్లామ్‌ల కింది మెట్లలో సమానత్వం ఇంకా పూర్తి కాలేదు. స్త్రీ పురుషులు కలిసి ఆడే పెద్ద టోర్నమెంట్లలో 2027 నాటికి, మిగతా వాటిలో 2033 నాటికి సమానం చేస్తామని మహిళల టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏ 2023లో ప్రకటించింది.

ఇందులో మనవాళ్లకు నేరుగా తగిలే భాగం డబుల్స్. భారత క్రీడాకారులు సీనియర్ స్థాయిలో గెలిచిన గ్రాండ్‌స్లామ్ టైటిళ్లన్నీ డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్‌లోనివే. 1997లో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్‌తో మహేశ్ భూపతి ఖాతా తెరిచాడు, మొత్తం 12 గెలిచాడు. లియాండర్ పేస్‌వి 18. హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జావి ఆరు. భూపతితో 2009 ఆస్ట్రేలియన్, 2012 ఫ్రెంచ్, బ్రూనో సొరెస్‌తో 2014 యూఎస్ మిక్స్‌డ్ టైటిళ్లు, మార్టినా హింగిస్‌తో 2015 వింబుల్డన్, 2015 యూఎస్, 2016 ఆస్ట్రేలియన్ మహిళల డబుల్స్. 2015 వింబుల్డన్‌లో ఆ జంటకు వచ్చింది 3 లక్షల 40 వేల పౌన్లు, ఇద్దరికీ కలిపి. సింగిల్స్ గెలిచిన సెరీనా విలియమ్స్‌కు 18 లక్షల 80 వేలు. సానియా వాటా సెరీనా వాటాలో పదకొండో వంతు. 2025కు జంట సొమ్ము 6 లక్షల 80 వేలకు పెరిగింది, అంటే ఒక్కొక్కరికి సింగిల్స్ విజేత సొమ్ములో తొమ్మిదో వంతుకు కాస్త ఎక్కువ. మిక్స్‌డ్ జంటకు ఇద్దరికీ కలిపి లక్షా 35 వేలు.

సింగిల్స్ చూడ్డానికే జనం టికెట్ కొంటారు కాబట్టి ఈ తేడా సహజమని నిర్వాహకులంటారు. 2025లో యూఎస్ ఓపెన్ ఆ వాదాన్ని తనే తలకిందులు చేసింది. మిక్స్‌డ్‌ను ప్రధాన పోటీలకు ముందు వారానికి జరిపి, 16 జంటలతో, ఫైనల్ మినహా నాలుగు గేములకే సెట్ ముగిసేలా పెట్టి, బహుమతిని 2 లక్షల డాలర్ల నుంచి ఏకంగా 10 లక్షలకు పెంచింది. స్టేడియం నిండింది. అయితే చోటు ఎక్కువగా సింగిల్స్ తారలకే దక్కింది, డబుల్స్‌నే బతుకుతెరువు చేసుకున్నవాళ్లు చాలామంది బయటే ఉండిపోయారు. గెలిచింది మాత్రం డబుల్స్ నిపుణులైన ఇటలీ జంట సారా ఎరానీ, ఆంద్రియా వవాస్సోరీ. డబ్బు పెరగడం మంచిదే. కానీ అది ఎవరి చేతికి చేరాలన్న నిర్ణయంలో డబుల్స్ ఆటగాళ్లను ఎవరూ అడగలేదు. ఇది తప్పని నా అభిప్రాయం. సానియా, భూపతి లాంటివాళ్లు ఎదిగి వచ్చిన దారిని ఈ పద్ధతి ఇరుకు చేస్తుంది.

సానియా కథలో సొమ్ము గురించి ఇంకో పాఠముంది. 2005 ఫిబ్రవరి 12న హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో అలోనా బొందరెంకోపై 6-4, 5-7, 6-3తో గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన మొదటి భారత మహిళ అయ్యింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు. ఆ టోర్నమెంటు మొత్తం ప్రైజ్‌మనీ లక్షా 40 వేల డాలర్లు, డబ్ల్యూటీఏ కింది మెట్లలో ఒకటి. గ్రాండ్‌స్లామ్‌తో పోలిస్తే చిన్న మొత్తమే. కానీ ఇంటి దగ్గర, విమాన ఖర్చు లేకుండా, తనవాళ్ల మధ్య ఆడే వీలు ఆ టోర్నమెంటు ఆమెకిచ్చింది. ఆ మరుసటి ఏడాదే అది బెంగళూరుకు తరలిపోయింది. చెన్నైలో ఏళ్ల తరబడి జరిగిన పురుషుల ఏటీపీ టోర్నమెంటు 2018లో పుణెకు వెళ్లి, కొన్నేళ్లకు అక్కడా ఆగిపోయింది. దేశంలో ఏటా నిలకడగా జరిగే పెద్ద టోర్నమెంటు లేకపోవడమంటే పైకి ఎదగాలనుకునే ప్రతి భారత ఆటగాడూ విదేశీ ఖర్చుతో మొదలవడమే.

ఇప్పుడు అట్టడుగు వరుసకు వద్దాం. ప్రొఫెషనల్ టెన్నిస్‌లో పురుషుల మొదటి మెట్టు పేరు ఎం15. మొత్తం 15,000 డాలర్లు. సింగిల్స్ గెలిస్తే 2,160 డాలర్లు, ఫైనల్లో ఓడితే 1,272, సెమీస్‌లో 752, క్వార్టర్స్‌లో 438, రెండో రౌండ్‌లో 258, మొదటి రౌండ్‌లో 156. క్వాలిఫయింగ్‌లో ఓడితే సున్నా. ప్రవేశ రుసుము 40 డాలర్లు.

ఒక వారం లెక్క వేసుకుందాం. భిలాయ్ కుర్రాడు దుర్గ్‌లో రైలెక్కి ఏ మహానగరానికో వెళ్లి ఎం15 ఆడాడు. మొదటి రౌండ్‌లో ఓడాడు. 156 డాలర్లంటే పదమూడు పద్నాలుగు వేల రూపాయలు. అందులో 40 డాలర్లు ప్రవేశ రుసుముకే పోయాయి, మిగిలింది సుమారు పది వేలు. క్వాలిఫయింగ్ ఆడి వచ్చినవాడైతే అప్పటికే నాలుగైదు రోజులు హోటల్లో ఉన్నాడు. రెండు పూటలా సరైన తిండి, ప్రాక్టీసుకు బంతులు, రోజూ కొత్త తీగలు, స్టేడియానికి ఆటో, తిరుగు టికెట్. కోచ్‌ను వెంట తీసుకెళ్తే ఇంకో మనిషి ఖర్చు. ఇంటికొచ్చేసరికి చేతి డబ్బు పోయి ఉంటుంది. టైటిల్ గెలిచినా ఆ సొమ్ము ఇంకొక్క విదేశీ వారానికి చాలీచాలకుండా ఉంటుంది. యూఎస్ ఓపెన్‌లో విజేతకూ మొదటి రౌండ్‌లో ఓడినవాడికీ మధ్య తేడా 45 రెట్లు. యూఎస్ ఓపెన్ విజేతకూ ఎం15 మొదటి రౌండ్ కుర్రాడికీ మధ్య 32 వేల రెట్లు. ఇద్దరూ ఒకే ఆట, ఒకే నియమాలు, ఒకే ర్యాంకింగ్ పట్టిక.

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2013 సంవత్సరాన్ని తీసుకుని చేసిన అధ్యయనంలో ఒక ఏడాది ఆడటానికి పురుషుడికి సగటున 38,800 డాలర్లు, మహిళకు 40,180 డాలర్లు ఖర్చవుతుందని తేలింది, కోచ్ ఖర్చు కలపకుండానే. ఆ ఖర్చు తిరిగి రావాలంటే పురుషుల్లో 336వ ర్యాంకు, మహిళల్లో 253వ ర్యాంకు లోపు ఉండాలి. అప్పటికి ప్రొఫెషనల్ టోర్నమెంట్లు ఆడేవాళ్లు సుమారు 14 వేల మంది, వాళ్లలో దాదాపు సగానికి ఏడాది పొడుగునా ఒక్క డాలరూ రాలేదు. 2018లో వచ్చిన స్వతంత్ర సమీక్షా సంఘం నివేదిక దీని పర్యవసానాన్ని బయటపెట్టింది. బెట్టింగ్ ముఠాలు వల వేసేది ఈ కింది మెట్ల దగ్గరే. మొదటి రౌండ్‌లో వచ్చే డబ్బుకు ఎన్నో రెట్లు ఒక సెట్ ఓడితే ఇస్తామంటారు. తప్పు చేసినవాణ్ని శిక్షించాల్సిందే. అంత తక్కువ ధరకు మనిషి దొరికేలా పట్టిక రాసినవాళ్ల బాధ్యత కూడా లెక్కలోకి రావాలి.

పేరున్నవాళ్ల పరిస్థితి కూడా ఇదే. 2023లో సుమిత్ నాగల్ దేశంలో నంబర్ వన్. ఖర్చులన్నీ పోను బ్యాంకులో 900 యూరోలే మిగిలాయని, అంటే 80 వేల రూపాయలు, అతడే చెప్పాడు. ఏడాది తిరగకముందే 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో 31వ సీడ్ బుబ్లిక్‌ను ఓడించి రెండో రౌండ్ చేరగానే లక్షా 80 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు, సుమారు 98 లక్షల రూపాయలు, వచ్చాయి. ఒక్క మ్యాచ్ మనిషి బతుకును అటూ ఇటూ చేసింది. దీన్ని ఆట అందమని మెచ్చుకునేవాళ్లున్నారు. ఆ మ్యాచ్‌కు ముందు రోజు చీలమండ బెణికితే ఏమయ్యేదో ఆలోచిస్తే నాకు మెచ్చుకోబుద్ధి కాదు.

సాకేత్ మైనేని విషయం చూడండి. విజయవాడలో పుట్టి విశాఖలో పెరిగిన ఈ ఆరడుగుల పైచిలుకు ఆటగాడు 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ స్వర్ణం గెలిచాడు. ఆసియా క్రీడల్లో ప్రైజ్‌మనీ ఉండదు, పతకం మాత్రమే. 2016లో యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్‌లో మూడు మ్యాచ్‌లు గెలిచి, గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ప్రధాన డ్రాలోకి వచ్చాడు. అప్పటికి వయసు 28. మొదటి రౌండ్‌లో యిరీ వెసెలీతో ఐదు సెట్లు పోరాడి ఓడాడు. ఆ ఓటమికి వచ్చినది 43 వేల డాలర్లకు పైగా. ఎం15 టైటిళ్లు ఇరవై గెలిచినా అంత రాదు. 2017లో అర్జున అవార్డు, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్‌తో పురుషుల డబుల్స్ రజతం. ఇంత చేసిన ఆటగాడి పేరు తెలుగునాట ఎంతమందికి తెలుసు? విజేతల ఫొటోలే చూస్తే సాకేత్ లాంటివాళ్లు ఎప్పటికీ కనిపించరు.

ఇక ఆర్థర్ ఆష్ ప్రశ్న. నెల్లూరు నుంచి వెళ్లిన తల్లిదండ్రులకు అమెరికాలో 2005లో పుట్టిన నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తరఫున ఆడాడు. విద్యార్థి ఎంత బహుమతి డబ్బు ఉంచుకోవచ్చన్నదానికి అప్పటి అమెరికా కళాశాలల క్రీడా నియమాలు గట్టి పరిమితి పెట్టాయి. 2024 చివర్లో నిశేష్ కళాశాల పోటీలు వదిలి ప్రొఫెషనల్ అయ్యాడు. 2025 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండ్‌లో నొవాక్ జొకోవిచ్ ఎదురైతే మొదటి సెట్ గెలిచి, నాలుగు సెట్లలో ఓడాడు. మొదటి రౌండ్ సొమ్ము లక్షా 32 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు. విద్యార్థిగానే ఉండి ఉంటే అందులో చాలా భాగాన్ని వదులుకోవాల్సిందే. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ క్రీడాకారిణి రీస్ బ్రాంట్‌మయర్ ఇలాంటి నియమం మీదే 2024 మార్చిలో కోర్టుకెక్కింది. 2021 యూఎస్ ఓపెన్‌లో ఆమె సంపాదించినది 49 వేల డాలర్ల దాకా ఉంది. ఆటలో గెలుచుకున్న డబ్బు మీద ఆటగాడికి హక్కుండాలి. అదే సమయంలో ఒక మాట దాచకూడదు: చాలా తెలుగు కుటుంబాలకు టెన్నిస్‌లో దొరికే నిజమైన బహుమతి కప్పూ కాదు, చెక్కూ కాదు, ఆ ఆట తెచ్చిపెట్టే కళాశాల సీటు, ఫీజు మాఫీ. మన దేశంలో దాని స్థానంలో ఉన్నది రైల్వేల్లో, చమురు సంస్థల్లో క్రీడాకోటా ఉద్యోగం. ప్రైజ్‌మనీ పట్టికల్లో ఇవి ఎక్కడా కనిపించవు, కానీ ఆటను నిలబెడుతున్నది ఇవే.

మరి పట్టిక ఎవరు రాస్తున్నారు? 1973లో యుగోస్లావియా ఆటగాడు నికోలా పిలిచ్‌పై నిషేధానికి నిరసనగా 81 మంది పురుషులు వింబుల్డన్‌ను బహిష్కరించారు. అంతకు ముందు ఏడాదే పుట్టిన ఆటగాళ్ల సంఘం ఏటీపీ వాళ్ల వెనుక ఉంది. సమ్మె అంటే ఏమిటో తెలిసిన సంఘం. 1990 నుంచి అదే ఏటీపీలో ఆటగాళ్లూ టోర్నమెంట్ల యజమానులూ చెరిసగం కూర్చుంటున్నారు, గ్రాండ్‌స్లామ్‌లు ఆ గొడుగు కిందికే రావు. 2020లో జొకోవిచ్, వాసెక్ పోస్పిసిల్ పెట్టిన మరో ఆటగాళ్ల సంఘం పీటీపీఏ 2025 మార్చిలో ఏటీపీ, ఇతర పాలక సంఘాలపై న్యూయార్క్ కోర్టులో దావా వేసింది. అదే ఏడాది అగ్రశ్రేణి ఆటగాళ్లు గ్రాండ్‌స్లామ్‌లకు రాసిన లేఖల్లో 2030 నాటికి ఆదాయంలో 22 శాతం వాటా, పింఛను, ఆరోగ్యం, ప్రసూతి నిధులు, నిర్ణయాల్లో సంప్రదింపు అడిగారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆటగాళ్లకు సంబంధిత ఆదాయంలో దాదాపు సగం వెళ్తుంది, ఎందుకంటే అక్కడ సంఘం ఎదురుగా కూర్చుని ఒప్పందం రాయించుకుంటుంది.

భిలాయ్ వాళ్లకు ఈ తేడా ఎవరూ వివరించనక్కర్లేదు. ఎన్‌జేసీఎస్ చర్చలు నత్తనడక నడుస్తాయి, 2017 జనవరి నుంచి రావలసిన వేతన సవరణ మీద ఒప్పందపత్రం 2021 అక్టోబరులో గానీ కుదరలేదు, బకాయిల వివాదం ఆ తర్వాతా ఆరలేదు. అయినా ఎదురుగా కూర్చునే బల్ల ఒకటుంది. టెన్నిస్‌లో గ్రాండ్‌స్లామ్ సొమ్మును నిర్ణయించేది నిర్వాహకులు, ఆటగాళ్లకు మిగిలేది దాన్ని విని సంతోషించడమో, లేఖ రాయడమో.

మార్పులు రాలేదని కాదు. ర్యాంకును బట్టి కనీస ఆదాయానికి హామీనిచ్చే పథకాన్ని ఏటీపీ 2023లో ప్రకటించింది: మొదటి వందమందికి 3 లక్షల డాలర్లు, 175 దాకా లక్షన్నర, 250 దాకా 75 వేలు. 251వ వాడికి హామీ లేదు. మహిళలకు 2025 మార్చిలో ప్రసూతి నిధి వచ్చింది, ఏడాది దాకా వేతనంతో కూడిన సెలవు. సానియా 2018 అక్టోబరులో బిడ్డను కని, 2020 జనవరిలో హోబార్ట్‌లో నదియా కిచెనోక్‌తో కలిసి ఆడిన మొదటి టోర్నమెంటునే గెలిచింది. మధ్యలో ఆమెకు ఆట నుంచి పైసా లేదు. ఉక్కు కర్మాగారంలో మహిళా ఉద్యోగికి చట్టప్రకారం 26 వారాల సెలవు 2017 నుంచి ఉన్న హక్కు. ఆరు గ్రాండ్‌స్లామ్‌ల క్రీడాకారిణికి లేకపోయింది.

పైవాళ్ల సొమ్ము కోసి కిందికి పంచమని నేననను. అల్కరాస్ ఆడితేనే స్టేడియం నిండుతుంది, దానివల్లే 156 డాలర్లయినా వస్తున్నాయి. అయితే గ్రాండ్‌స్లామ్‌ల సొమ్ము పెరిగినంత వేగంగా ఎం15 సొమ్ము ఎందుకు పెరగలేదు? 2016లో యూఎస్ ఓపెన్ మొత్తం ప్రైజ్‌మనీ 4 కోట్ల 63 లక్షల డాలర్లు, 2025లో 9 కోట్లు. అట్టడుగు మెట్టు మాత్రం 2017లో 10,000 నుంచి 15,000 డాలర్లకు చేరాక అక్కడే నిలిచిపోయింది. ఈ రెంటి మధ్య ముడి వేయాలి. పైన ఒక శాతం పెరిగితే కింద ఎంత పెరగాలో నియమంగా రాయాలి.

మన దేశంలో మనం చేయగలిగిందీ ఉంది. ఢిల్లీలో జరిగే జాతీయ చాంపియన్‌షిప్ ఫెనెస్టా ఓపెన్‌లో పురుషులకూ మహిళలకూ సమాన సొమ్ము, జూనియర్లకు స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. మంచి నమూనా. దీనితో పాటు ఇంకో దారి ఉంది. అంతర్జాతీయ సమాఖ్య టోర్నమెంట్లలో కొన్నిటి పేరు చివర హెచ్ అని ఉంటుంది, అంటే ప్రధాన డ్రాలో ఆడేవాళ్లకు బస నిర్వాహకులే ఇస్తారు. హోటల్ ఖర్చు తీసేస్తే మొదటి రౌండ్‌లో ఓడినవాడి లెక్క మారిపోతుంది. ఇలాంటి టోర్నమెంటుకు మహానగరం కంటే టౌన్‌షిప్ నయం. భిలాయ్‌లో మైదానాలున్నాయి, హాస్టళ్లున్నాయి, ఆసుపత్రి ఉంది, కర్మాగారంలో మనుషులు తగ్గుతున్న కొద్దీ ఖాళీ అవుతున్న క్వార్టర్లున్నాయి. సెక్టార్ 5లోని బాలాజీ గుడి దగ్గర ఇడ్లీ, పులిహోర దొరుకుతాయి. విశాఖ నుంచి దుర్గ్‌కు 2024 సెప్టెంబరు నుంచి వందే భారత్ నడుస్తోంది, ఆంధ్ర కుర్రాళ్లు విమానం లేకుండా రావచ్చు. కర్మాగారం క్రీడా విభాగం, రాష్ట్ర టెన్నిస్ సంఘం, ఊళ్లోని తెలుగు, ఇతర సమాజాలు కలిస్తే 32 మందికి వారం పాటు పడక, భోజనం ఇవ్వడం అసాధ్యం కాదు. ప్రవేశ రుసుము 40 డాలర్లను మొదటి రౌండ్‌లో ఓడినవాళ్లకు స్పాన్సర్ నిధి నుంచి తిరిగిచ్చే ఏర్పాటు చేయొచ్చు, క్వాలిఫయింగ్‌లో ఓడినవాళ్లకు రైలు టికెట్ ఇవ్వొచ్చు. విజేతకు కప్పు మెషిన్ షాపులోనే చేయించొచ్చు, స్టెయిన్‌లెస్ స్టీలుతో, పేరు అతికించకుండా చెక్కి.